పొడుగు సైలెన్సర్

"పొడుగుదా, పొట్టిదా?"

జార్జ్ టౌన్‌లోని తుపాకుల కొట్టులో దాని యజమాని, ఆ కియాట్ అనే చీనావాడు, రెండు సైలెన్సర్లు బల్ల మీద పెట్టి అడిగాడు. తాతబాబు వాటిని సంతలో వంకాయల్లా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇద్దరికీ కుదిరిన భాష బజారు మలాయ్.

"ఏది బాగా నోరు మూయిస్తుంది?"

"పూర్తిగా మూయించేది లేదు లా, కిరాణి. పొట్టిది పెడితే తలుపు దబ్బున వేసినట్టుంటుంది. పొడుగుదైతే మెల్లగా వేసినట్టు. కాకపోతే బరువు. పొదల్లో తగులుకుంటుంది. ఇంతకీ ఎవరికి వినబడకూడదు, పందులకా?"

"మా నాన్నకి."

ఆ కియాట్ నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు.

తాతబాబు మలాయ్ దేశంలో సుంగై పెటాని దగ్గర ఒక రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తా. అక్కడి మాటలో కిరాణి. మాట చివర 'లా' తగిలించడమూ అక్కడి అలవాటే. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చాక దొర సీమకు వెళ్లిపోతూ తన వేట రైఫిల్‌ను అతని పేరుకు మార్పించి ఇచ్చాడు. అడవిపందులు లేత రబ్బరు మొక్కల్ని కుళ్లగించకుండా సాయంత్రాలు కాపు కాయడం అప్పట్నుంచీ అతని బాధ్యత. గురి మంచిదే. చిక్కల్లా ఇంట్లోనే వచ్చింది.

తండ్రి అచ్చయ్య వయసంతా ఆ తోటలోనే తెల్లవారి హాజరుకు గంట కొట్టినవాడు. గంటంటే గుడిగంట కాదు, చెవి పక్కనే వేలాడే రైలుపట్టా ముక్క. ఇప్పుడు అరుగు మీద కూర్చుని తమలపాకులు నమలడమే ఆయన ఉద్యోగం. కోడలు రత్నావతి ఏమడిగినా "సరేలే" అంటాడు. కూర బాగుందా మావయ్యా అంటే సరేలే. ఇంకాస్త వడ్డించనా అంటే సరేలే అంటూనే విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు. తన వంట నచ్చకే ఇలా చేస్తున్నాడని ఆమెకు లోలోపల ఒకటే గింజులాట. మెర్డెకా నాడు రేడియో చుట్టూ చేరి తోటంతా కేకలు పెడుతుంటే, ఆయన అందరి ముఖాలూ పరకాయించి, అందరూ ఆగాక ఒక్కడే అరిచాడు. పెద్దతనం కదా, అన్నీ నిదానమేనని అందరూ నవ్వుకున్నారు.

అంత నిదానం మనిషీ తుపాకి పేలితే మాత్రం దిగ్గున లేచేవాడు. గుండె మీద చెయ్యి వేసుకుని మెట్ల దాకా వచ్చి, తోటవైపు చూస్తూ నిలబడేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. కొడుకు వేటకెళ్లిన రోజున ఆ మోత అయ్యేదాకా అన్నం ముట్టేవాడు కాదు.

"ఎమర్జెన్సీలో అడివోళ్లొచ్చి దొర బంగళా మీద కాల్పులు సేసినప్పుడు మావయ్య గంట కాడే ఉన్నారు కదండీ. ఆ బయం గుండెల్లో కూకుండిపోనాది," అంది రత్నావతి ఓ రాత్రి.

"మరి పందుల్నొగ్గేయమంటావేటి?"

"పందుల్ని కొట్టండి. సప్పుడు మానిపించండి లా."

తాతబాబుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తండ్రి తనవల్ల రోజూ వణికిపోతున్నాడంటే ముద్ద దిగలేదు. అడవిలోని కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ముగియలేదాయె, సైలెన్సర్ మాట ఎత్తగానే పోలీసు ఇన్‌స్పెక్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. చెప్పులరిగేలా తిరిగితే గాని అనుమతి చేతికి రాలేదు.

"పొడుగుదే ఇవ్వు," అన్నాడు ఆ కియాట్‌తో.

కొట్టు వెనక పనివాడు రైఫిల్ మూతికి మర కోసి, సైలెన్సర్ బిగించి, వంకర లేదని ఒకసారి కంటితో చూసి, ఒకసారి సూటి కడ్డీ పెట్టి, రెండు రకాలుగా తేల్చుకున్నాకే ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం పంది పడింది. ఆ కియాట్ చెప్పినట్టే, ఎవరో తలుపు మెల్లగా వేసినట్టు వినబడింది, అంతే. తాతబాబు గబగబా ఇంటికొచ్చాడు. అచ్చయ్య అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"కదల్నేదండి," అంది రత్నావతి మురిసిపోతూ.

తాతబాబుకు తల మీంచి కొండ దిగినట్టయింది. విస్తట్లో అన్నం అలాగే ఉంటే ఆకలి లేదేమో అనుకున్నాడు. తర్వాత వేటకెళ్లిన రోజూ అంతే. ముసలాయన తోటవైపు చూస్తూ చీకటి పడేదాకా కూర్చున్నాడు గాని అన్నం ముట్టలేదు. చివరికి కొడుకుని అడిగాడు.

"తుపాకి పాడైపోనాదేటిరా?"

"నేదు నాన్నా. ఇయ్యేళ కూడా ఒకదాన్ని కొట్టినాను."

"సరేలే."

వారం తిరక్కుండానే మనిషి సగమయ్యాడు. భయం పోతే తేరుకోవాలి గాని ఇలా చిక్కిపోతాడేమిటో మొగుడూ పెళ్లాలకు అంతుబట్టలేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామని అనుకుంటుండగానే, ఓ ఆదివారం పొద్దున తాతబాబు స్నానం చేసి వచ్చేసరికి గోడకుండాల్సిన రైఫిల్ గోడకు లేదు. గుళ్లు అలమరలో తాళంలోనే ఉన్నాయి గనుక సరిపోయింది. పరుగున అరుగు మీదకు వచ్చాడు.

అచ్చయ్య రైఫిల్ ఒళ్లో పెట్టుకుని, సైలెన్సర్‌కు తువ్వాలు చుట్టి, రెండు చేతులా మర విప్పుతున్నాడు.

"నాన్నా, ఏటి సేస్తన్నావు?"

పలకలేదు. మళ్లీ పిలిచినా తిరగలేదు. తాతబాబు ముందుకెళ్లి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. బెల్లం దొంగిలిస్తూ దొరికిన పిల్లాడిలా అచ్చయ్య చేతులు ఆగిపోయాయి.

"నువ్వు బయపడతన్నావనే గదా పెట్టించినాను, నాన్నా."

అచ్చయ్య కొడుకు పెదవుల వైపే చూశాడు. సిగ్గుపడుతూ తల దించుకున్నాడు. అతని చెయ్యి పట్టుకుని సైలెన్సర్ మీద పెట్టాడు.

"తీసెయ్‌రా," అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"నాకింకా ఇనబడతన్నది అదొక్కటేరా."