రబ్బరు చేపలకు రంగులు

గాలానికి తగిలించే రబ్బరు చేపల్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, విజయవాడ నుంచి వచ్చిన పెద్దమనిషి మురిసిపోయాడు.

"పండుగప్ప లాంటి పెద్ద చేప కూడా నిజం చేపే అనుకుంటుందండీ. ఎవరు వేస్తారు ఈ రంగులు?"

తన భార్య సబా లోపలి గదిలో కూర్చుని వేస్తుందని చెప్పడం ఇర్ఫాన్‌కు నామోషీ అనిపించింది. పెళ్ళాం కష్టం మీద బతుకుతున్నాడనుకుంటాడేమో.

"చిలకలపూడిలో మాకు వర్క్‌షాపు ఉందండీ. పనివాళ్ళున్నారు," అన్నాడు.

"ఇంట్లోవాళ్ళు కూడా ఓ చెయ్యి వేస్తారా?"

"అబ్బే, మా ఆవిడకి బ్రష్ పట్టుకోవడమే రాదండీ."

చాలాసేపటికి సబా టీ తెచ్చింది. ఆమె వేళ్ళ నిండా వెండిరంగు ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది ఇర్ఫాన్‌కు. తలెత్తలేకపోయాడు. పెద్దమనిషి మాత్రం మామూలుగా కప్పు అందుకుని, టీ తాగి, ఆర్డరు చెప్పి వెళ్ళిపోయాడు.

ఇర్ఫాన్ వంటింట్లోకి వెళ్ళాడు. సబా చేతుల మీద రంగు చుక్క కూడా లేదు. వేళ్ళు ఎర్రగా కంది, అక్కడక్కడా చర్మం లేచిపోయి ఉంది. పక్కనే రంగు వదిలించే థిన్నర్ సీసా, గిన్నెలు తోమే పీచు ఉన్నాయి.

"ఆయన చూస్తే మీ మాట పోతుంది కదండీ," అంది సబా.

ఇర్ఫాన్ ఆ చేతులు పట్టుకోబోయాడు.

"ముట్టుకోకండి, మండుతున్నాయి."