దెయ్యాల్లేని ఫొటో

"ఈ ఫొటోలో మనుషులెవరూ లేరమ్మా. కాకి కూడా లేదు. ఇంకెన్నిసార్లు చూపించమంటారు?"

ఫొటోగ్రాఫర్ విసుక్కున్నాడు. అయినా ఆమె కౌంటరు దగ్గర్నించి జరగలేదు. పొద్దున అతను షట్టరు ఎత్తకముందే వచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె మామగారు కనిపించడం లేదు. పాత ఇనుము యార్డు వైపు వెళ్తుంటే చూశామని ఎవరో చెప్పారు. అదే యార్డులో, అదే వేళకి తీసిన తుప్పుబస్సు ఫొటో ఒకటి ఇతను నెట్‌లో పెట్టాడు.

"మళ్లీ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి సార్. తెల్లచొక్కా. కాస్త వంగి నడుస్తారు."

"నేను అక్కడ చాలాసేపున్నాను. ఉంటే నా కంట పడకుండా పోతారా?"

"ఆయనకి మతిమరుపు జబ్బు సార్. పళ్లు తోముకోమంటే, మనం ఆపమనేదాకా తోముతూనే ఉంటారు. నిన్న తలుపు గడియ పెట్టడం మర్చిపోయింది నేనే. మా ఆయన నాతో మాట్లాడటం లేదు. మామయ్యకేమైనా అయితే నేను ఆ ఇంట్లో అడుగు పెట్టలేను."

అతని మనసు కరిగింది. కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పాడు. అతను పెళ్లి ఫొటోలు తీసేది కడుపు నిండడానికి. మనసు నిండడానికి మాత్రం తుప్పుపట్టిన బండి ఉండాలి. దిక్కూదివాణం లేని లారీ కనిపిస్తే చాలు, స్టాండు పాతేస్తాడు. బండి ఎలాగూ కదలదు. అయినా పెళ్లిళ్ల అలవాటుకొద్దీ "కదలొద్దు! నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు!" అని ప్రతి క్లిక్కుకీ అరిచి మరీ తీస్తాడు. ఇనుముకి ఆర్డర్లేస్తున్నారా అని భార్య ఎగతాళి చేస్తుంటుంది.

"దీన్ని హెచ్.డి.ఆర్. అంటారమ్మా. కెమెరాని కదపకుండా అదే బస్సుని ఆగి ఆగి మూడుసార్లు తీస్తాం. ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి బాగా వెలుతురుగా. మూడూ కలిపేస్తే పైన మబ్బూ కనిపిస్తుంది, లోపల సీటు చిరుగూ కనిపిస్తుంది. ఇందులో మనిషి దాక్కోవడం కుదరని పని."

నిజమే. తెర మీద తుప్పు పొరలు పొరలుగా, గీకితే రాలేలా ఉంది. ఆమె మాత్రం తుప్పుని చూడటం లేదు.

"మూడింటికీ మధ్యలో ఏదన్నా కదిలితే?"

"కదిలింది సగం సగం కనిపిస్తుంది. మేం దాన్ని దెయ్యం అంటాం. అలాంటివి ఉంటే కంప్యూటరే తుడిచే..."

మాట సగంలో ఆగిపోయింది. అతను గబగబా అసలు ఫొటోలు మూడూ తెరిచాడు.

చీకటి ఫొటోలో బస్సు మెట్టు దగ్గర తెల్లగా ఏదో మసక. మామూలు ఫొటోలో తలుపులోకి పోతున్న వీపు. వెలుతురు ఫొటోలో ఆకాశమంతా తెల్లగా తేలిపోయింది కానీ బస్సు లోపలంతా స్పష్టంగా ఉంది. కిటికీ పక్క సీట్లో ఓ పెద్దాయన కూర్చుని, సరిగ్గా కెమెరాలోకి చూస్తున్నాడు.

"మామయ్యా!" ఆమె తెర మీద చెయ్యి పెట్టేసింది. "ఇంతమనిషి కనిపించలేదా సార్ మీకు?"

"వెలుతురు పడకుండా నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా తెరలో ఓ మూల తుప్పునే పెద్దది చేసి చూసుకుంటున్నానమ్మా. రేకు చప్పుడైంది. గాలనుకున్నాను." అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పోనీలెండి, జాడ తెలిసింది కదా. ఎందుకలా అయిపోయారు?"

"ఆ బస్సుని ఇవాళ నుజ్జు చేసేస్తున్నారు. అందుకే నిన్న పరుగున వెళ్లి తీశాను."

యార్డుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తే నాథుడు లేడు. ఆమెని స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరాడు. దారిపొడుగునా ఒకటే మాట. "రాత్రంతా అక్కడే ఎందుకుంటారమ్మా? ఎప్పుడో దిగి ఎటో వెళ్లుంటారు." ఆమెకి ధైర్యం చెబుతున్నాడో, తనకి తను చెప్పుకుంటున్నాడో అతనికే తెలీదు.

యార్డులో బస్సు నేల మీద లేదు. క్రేన్ దాన్ని నడుము పట్టి ఎత్తి, నుజ్జు చేసే మిషన్ వైపు తిప్పుతోంది. అతను స్కూటర్ పడేసి, చేతులూపుతూ దాని కిందికే పరిగెత్తాడు.

క్రేన్ ఆగింది. ఆపరేటర్ తల బయటికి పెట్టాడు. "చావాలనుందా నీకు?"

"లోపల మనిషున్నాడు! దించు!"

"ఎవడూ లేడు! ఎత్తేముందు ఎవరన్నా ఉన్నారా అని గొంతు చించుకున్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"దించవయ్యా, నీకు దణ్ణం పెడతాను!"

బస్సు కిర్రుమంటూ దిగింది. దుమ్ము లేచింది. లోపల్నించి ఎవరూ బయటికి రాలేదు. కోడలు మెట్టు దాకా వచ్చి కూలబడిపోయింది.

"నువ్వెళ్లు అన్నయ్యా. నేను చూడలేను."

అతను ఎక్కాడు. పెద్దాయన ఆ సీట్లోనే ఉన్నాడు. వెన్ను నిటారుగా, చేతులు రెండూ ముందు కడ్డీ మీద. జుట్టు నిండా తుప్పు రాలి ఉంది. కళ్లు కిటికీలోంచి, నిన్న కెమెరా స్టాండు పెట్టిన చోటికే చూస్తున్నాయి. రెప్ప పడటం లేదు.

"పెద్దాయనా..."

చెయ్యి ముట్టుకున్నాడు. మంచుగడ్డలా ఉంది. ఫొటోగ్రాఫర్ కిటికీ దగ్గర, ఆయన చూపుకి ఎదురుగా, మోకాళ్ల మీద కూలిపోయి బావురుమన్నాడు.

అప్పుడు పెద్దాయన కళ్లు మాత్రం మెల్లగా అతని వైపు తిరిగాయి. పెదవులు కదిలీ కదలకుండా, గుసగుసగా అడిగాడు.

"ఫొటో అయిపోయిందా బాబూ? ఇక కదలొచ్చా?"