పేరు దగ్గర ఆగింది

అమీర్‌పేటలో నవీన గదికి వచ్చిన కేదార్, ఆమె పాడి రికార్డు చేసుకున్న పాటను ఆమె కంప్యూటర్‌లో మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. గొంతుతోపాటు వినిపించిన చిటపటలు పోయాయి. పంజాగుట్ట స్టూడియోలో పనిచేసే అతనికి అది పావుగంట పని.

నవీన నవ్వి, థాంక్స్ అని ఫోన్‌లో టైపు చేసి చూపించింది. అతను వచ్చినప్పటినుంచీ అంతే. గొంతుకు విశ్రాంతి ఇస్తోందనుకున్నాడు.

"పాటకు ముందు మీ పేరు చెప్పారు చూడండి, అక్కడ ఇంకా ఇరుక్కుంటోందండీ. న, న, న అని మూడుసార్లు వస్తోంది. రెండు కోసేస్తే సరిపోతుంది," అన్నాడు కేదార్.

నవీన అతని చేతిలోంచి మౌస్ తీసుకుంది.

"అది కం... కంప్యూటర్ తప్పు గాదన్నా. పాడుతుంటే రాదు గని, మాట్లాడితే నాకు నత్తొస్తది. బల్కంపేట బోనాలల్ల పాడినప్పుడు సుత నా పే... పేరు వేరేటోళ్లే చెప్పిన్రు. ఈసారి నేనే చెప్పిన."

"వినేవాళ్ళు నవ్వుతారేమోనండీ," అన్నాడు కేదార్ మెల్లగా.

"న... నవ్వనియ్యి," అంటూ నవీన పాటను ఉన్నదున్నట్టే అప్‌లోడ్ చేసింది.