పిచ్చుకల వాటా

“పిచ్చుకలకి కూడా బాప్తిస్మం ఇచ్చేశారా ఏమిటండీ?” అంది పాస్టరమ్మ, భర్త కోటు జేబు తిరగేసి దులుపుతూ. ఎండిన రొట్టె పొడి గచ్చు మీద రాలింది. నెలకోసారి ప్రభువు పేర రొట్టె పంచే సంస్కారపు ఆదివారం వెళ్ళిందంటే చాలు, మర్నాడు ఆ జేబులో ఇదే భాగోతం.

రొట్టె కోసేది ఆవిడే. తలకొక ముక్క, ఒక్కటి ఎక్కువుండదు, ఒక్కటి తక్కువుండదు. అయినా ప్రతిసారీ ఒకటి మిగిలిపోతుంది. చర్చిలో చివరి బెంచీ మీద కూర్చునే వ్యాను డ్రైవరు ముట్టని ముక్క అది. పాస్టరు దాన్ని జేబులో వేసుకెళ్ళి చర్చి వెనకాల పిచ్చుకలకి వేస్తాడని ఆవిడ లెక్క.

పాస్టరు నవ్వలేదు. “వచ్చే నెలైనా తీసుకుంటాడంటావా?” అన్నాడు.

ఏడేళ్ళ క్రితం డ్రైవరు వ్యాను నడుపుతుంటే ఫోను మోగింది. ఎవరా అని చెయ్యి చాపాడు, అంతే. వ్యాను కాలవలో పడింది. పక్కన కూర్చున్న తమ్ముడు దక్కలేదు. ఫోను నీళ్ళలోనే పోయింది. ఆనాటి నుంచి అతను ఆరాధనకి రావడం మానలేదు గానీ, రొట్టె పళ్ళెం చేతికొస్తే మాత్రం నిప్పు ముట్టుకున్నట్టు పక్కవాళ్ళకి అందించేస్తాడు.

పాస్టరూ అతన్ని వదల్లేదు. వానొచ్చినా వరదొచ్చినా శనివారం అతనింటికి వెళ్ళాల్సిందే. “మందలో అతనొక్కడేనా గొర్రె?” అని ఆవిడ ఎన్నిసార్లు దెప్పిందో! లోలోపల మాత్రం ఇంత మంచి మనిషి దొరికాడని మురిసిపోయేది.

ఆ నెల గడిచి, మళ్ళీ సంస్కారపు ఆదివారానికి ముందు శనివారం ఆవిడ కూడా వెంట వెళ్ళింది.

“తమ్ముణ్ణి చంపుకున్న చెయ్యండీ ఇది. దీంతో ఆ రొట్టె ఎలా ముట్టుకోను అయ్యగారూ?” అన్నాడు డ్రైవరు.

“ప్రభువే క్షమించాక, కాదనడానికి నువ్వెవరివి?”

“ఆయన క్షమిస్తాడండీ. తీసుకోవడమే నాకు చేతకావడం లేదు.”

పాస్టరు అతని దగ్గరికి జరిగాడు. “తీసుకో నాయనా. నా కోసమైనా తీసుకో. నీకు దణ్ణం పెడతాను.” నిజంగానే చేతులు జోడించాడు.

“అయ్యయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టడమేమిటి!” డ్రైవరు కంగారుగా ఆ చేతులు పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. పాస్టరమ్మకీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు పళ్ళెం చివరి బెంచీ దగ్గర ఆగింది. డ్రైవరు ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. పక్కనున్న ముసలమ్మ అతని వీపు నిమిరింది. పళ్ళెం ఖాళీగా వెనక్కి వచ్చింది. తన ముక్క ముందే తీసి ఉంచుకున్న పాస్టరు, ఎప్పటిలాగే అందరి తర్వాత, జనానికి వీపు పెట్టి బల్ల వైపు తిరిగాడు.

మధ్యాహ్నం ఆవిడ పాట పాడుకుంటూ కోటు తీసింది. ఇవాళ జేబు దులిపే పని లేదు. అలవాటు కొద్దీ చెయ్యి పెట్టింది. లోపల రొట్టె ముక్క తగిలింది.

“ఏమండీ, అతను తినేశాడుగా! మరి ఇదెవరిది?”

“నాది.”

“మీదా? అంటే... ఈ ఏడేళ్ళూ మీరు కూడా...”

పాస్టరు మంచం మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఆ రోజు అతనికి ఫోను చేసింది నేనే.”