చెప్పుల కాడ సేవ

“ఆ ముసలాయనను గేటు కాడికెల్లి లేపిస్తే మంచిగుంటది సర్దార్జీ,” అన్నాడు యాదగిరి.

మొహిందర్ సింగ్ కిటికీలోంచి బయటికి చూశాడు. పటాన్‌చెరులో గేర్లు కోసే ఆ చిన్న కార్ఖానా ఆయనదే. గేటుకు ఎదురుగా, రోడ్డు పక్కన, పెద్దరాములు పెట్టె ముందేసుకుని ఎవరిదో చెప్పు కుడుతున్నాడు.

“నిన్నేమన్న అన్నడా?”

“ఏమనలే. కంపెనీ ముంగట చెప్పులు కుట్టేటోడుంటే చూసేటోళ్లకు ఎట్లుంటది?”

“నా బూటు కూడ ఆయనే కుట్టిండు. మంచి చెయ్యి,” అన్నాడు సర్దార్జీ. “అది సరే. రేపు గురునానక్ జయంతి. అందరూ గురుద్వారాకు రావాలె. నీకు జోడాఘర్ సేవ ఇప్పించిన.”

“అంటే?”

“వచ్చినోళ్ల చెప్పులు తీసుకోవాలె, తుడవాలె, వరసగ పెట్టాలె.”

యాదగిరి ముఖం మాడిపోయింది. “నా గురించి మీకెవరన్న ఏమన్న చెప్పిన్రా?”

“ఏం చెప్తరు?”

“ఏం లేదు. వేరే పనియ్యున్రి. వంట కాడ ఉంట.”

“వంటకు మస్తు మంది ఉన్నరు. జోడాఘర్ కోసం పోయినేడు నేనే అడిగి అడిగి తీసుకున్న. మనిషిల అహంకారం కరగాలంటే అంతకన్న మంచి జాగ లేదు బేటా. సూపర్‌వైజరైనవని ఈసారి నీకిప్పించిన. నీవాళ్లెవరన్న ఉంటే వాళ్లను గూడ తోలుకరా.”

“నాకెవరూ లేరు సర్దార్జీ.”

అదొక గౌరవమట! వినడానికి బాగానే ఉంది. యాదగిరి సూపర్‌వైజరై మూడు వారాలే. మొన్నటిదాకా పక్క మిషను మీద చేసినవాళ్లే ఇప్పుడు ఆయన కింద పనివాళ్లు. ఒక్క పిలుపుకు ఎవడూ కదలడు. ‘సార్’ అనమంటే నవ్వుకుంటూ అంటారు. రేపు వాళ్ల చెప్పులే తుడిస్తే ఎల్లుండి తన మాట ఎవడు వింటాడు? ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మధ్యాహ్నం సర్దార్జీ పెద్దరాములు దగ్గర ఆగాడు. అది చూసి యాదగిరి స్కూటరు వెనక్కి తిప్పి ఇంకో దారిన పోయాడు.

“ఆ వేపచెట్టు కింద నీడ ఉండంగ ఈ ఎండల ఎందుకు కూసున్నవ్?” అని అడిగాడు సర్దార్జీ.

“ఈడికెల్లి గేటు మంచిగ కనబడ్తది సేట్.”

“గేటుల ఏమున్నది చూడనీకి?”

“ఊకెనే,” అన్నాడు పెద్దరాములు, సూదికి దారమెక్కిస్తూ. “లేవమంటే లేస్త. సంగారెడ్డి బస్టాండ్ల నా పాత జాగ ఉండనే ఉంది.”

“నేనెందుకు లేవమంట? రేపు ముత్తంగి గురుద్వారాకు రా.”

మర్నాడు ముత్తంగిలో, లారీ షెడ్ల వెనకున్న చిన్న గురుద్వారా కిటకిటలాడింది. అందరి తలల మీదా రుమాళ్లే. జోడాఘర్‌లో సర్దార్జీ కూడా యాదగిరి పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన ప్రతి జతనూ తుడిచి, చేతికంటిన దుమ్మును నుదుటికి అద్దుకుంటున్నాడు. ఆయన తుడిచే జతల్లో లారీ క్లీనర్లవీ ఉన్నాయి.

“సార్, నాయి జెర మంచిగ తుడువున్రి,” అన్నాడు లేత్ మిషను సోమయ్య. వెనకున్న పనివాళ్లు పకపకా నవ్వారు.

యాదగిరి తల ఎత్తలేదు. చేతులు మాత్రం వాటంతటవే కదిలాయి. ముందు తడిగుడ్డతో పట్టీ, తర్వాత మడమ అంచు, ఆఖరికి బ్రష్షు.

“నీ చెయ్యి మస్తు తిరిగిందే,” అన్నాడు సర్దార్జీ.

యాదగిరి ఇంకో జత అందుకున్నాడు.

అప్పుడొచ్చాడు పెద్దరాములు. ఉతికిన ధోతి కట్టుకున్నాడు, చంకలో మాత్రం తన పెట్టె ఉంది. ఎవరినీ అడగకుండా తిన్నగా లోపలికొచ్చి చెప్పుల మధ్య చతికిలబడ్డాడు.

“లేవున్రి సార్,” అన్నాడు యాదగిరితో, ముఖం చూడకుండా. “మీకెందుకీ పని? నన్ను పిలిసింది దీనికే గద.”

“పనికి పిలవలే నిన్ను,” అన్నాడు సర్దార్జీ, పెట్టె అందుకుని పక్కన పెడుతూ. “ఇయ్యాల నీ చెప్పులు మేం తుడుస్తం. లోపల గ్రంథ్ సాహిబ్ ఉన్నది. అండ్ల మా గురువుల మాటల పక్కనే చెప్పులు కుట్టిన భక్తుని మాటలు గూడ ఉన్నయి. మేమందరం దానికే తల వంచుతం. మొక్కినంక లంగర్ల, అందరికి అన్నం పెట్టే కాడ, నేను, నువ్వు ఒక్క వరసల కూసొని తిందం. చిన్నోడు లేడు, పెద్దోడు లేడు. గురునానక్ చెప్పింది గదే.”

ముసలాయన కళ్లు నిండాయి. అరవై ఏళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. మెల్లగా లేచి చెప్పులు విడిచాడు. ఊరందరి చెప్పులు బాగుచేసే మనిషి చెప్పులే మడమలు అరిగి నేలకు అంటుకుపోయి ఉన్నాయి. యాదగిరి చెయ్యి చాచాడు. పెద్దరాములు చెప్పులు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“మీరు తీసుకోన్రి సేట్. ఆ సారు చేతికొద్దు.”

మూడు వారాలుగా ఎవరైనా మనసారా ‘సారు’ అంటే చాలని తపించాడు యాదగిరి. ఇప్పుడు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. లేచి నిలబడి, రెండు చేతులతో చెప్పులు తీసుకున్నాడు. తుడిచాడు. ఆ దుమ్ము నుదుటికి అద్దుకున్నాడు. పనివాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

“ఎవరు సార్ ఆయన? మీకు ఎర్కనా?” అని అడిగాడు సోమయ్య.

“సారుకు నేనెట్ల ఎర్క బిడ్డా,” అని పెద్దరాములే గబగబా అందుకున్నాడు. “గేటు కాడ కూసునేటోన్ని.”

“మా నాయిన,” అన్నాడు యాదగిరి.