పూలదొంగ గద్దె

“గంప దించవ్వా!”

పగిడయ్య కేకకు ముసలామె గేటు దగ్గర ఆగింది. గంప బోర్లించి చూపించింది. రెండు మోదుగాకులు రాలాయి, అంతే.

“ఖాళీనే అన్నా,” అన్నాడు కాపలా పగిడయ్య.

పక్కనే ఉన్న తోటమాలి సలీంకు నమ్మకం కుదరలేదు. గడి తలుపుల ఇత్తడి బొడిపెలు పోయినప్పటినుంచి బయటికి పోయే ప్రతి గంపా, సంచీ వెతకడం అక్కడ రివాజు.

దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న దొరల గడిని సర్కారు మళ్లీ నిలబెడుతోంది. గోడలు, మేడలు ఇంజనీర్లవి. ఫౌంటెన్ చుట్టూ నాలుగు మడుల తోట పని ఖమ్మం నుంచి వచ్చిన సలీంది.

ఆ మడులకు ఇటుకల అంచు కట్టింది అతని తాత. ఆ సంగతి ఎవరికి కావాలి? ఆరో తరగతిలో బడి మానేసినవాడిని పేరు పెట్టి పిలిచేదెవరు? “ఏయ్ తోటా!” అంటారు.

తోటకు మిగిలిన ఆధారం ఒక్క పాత ఫొటో. మడుల నిండా తెల్లటి పూలు. ఆకు లేదు, కాడ లేదు. నేలే పూసినట్టుంది. అదేం పువ్వో ఎవరూ చెప్పలేకపోయారు. సలీం తెచ్చి పెట్టిన నర్సరీ మొక్కలన్నీ ఎండకు మాడిపోయాయి.

పనులు చూసే పెద్దసారు వచ్చి చూసి తేల్చేశాడు.

“ప్రారంభం నాటికి ఫొటోలో ఉన్నట్టు ఉండాలె. లేకుంటే బండలు పరిచి కార్లు నిలబెట్టుకుందాం.”

తాత కట్టిన మడుల మీద కార్లు! సలీంకు అన్నం సహించలేదు.

దానికితోడు ఈ ముసలిది. రోజూ వస్తుంది. ఖాళీ మడుల్లో కూర్చుని కొడవలి మొనతో మన్ను కెలుకుతుంది. పాత గడిలో తవ్వేవాళ్లు దేనికి తవ్వుతారో అందరికీ తెలిసిందే.

“ఏందవ్వా, లంకెబిందెలు దొరికినయా?”

“దొరికినయ్ బిడ్డా. ఎప్పుడో దొరికినయ్.” బోసినోటితో నవ్వింది.

“మల్లెందుకు తవ్వుతున్నవ్?”

“వాన పడనియ్యి. నీకే తెలుస్తది.”

వెటకారం అనుకున్నాడు సలీం. ఒళ్లు మండింది. ఫౌంటెన్ ముందున్న రాతి గద్దె వైపు చెయ్యి చూపించాడు.

గడిలో పూసిన పువ్వు దొరసాని తలలోకే. ఊరి ఆడవాళ్లు ముట్టుకోకూడదు. అప్పట్లో ఎవరో ఒక పువ్వు తెంపితే, ఆ గద్దె మీద కూర్చోబెట్టి ఊరంతా చూస్తుండగా గుండు కొట్టించారట. ఇప్పటికీ దాన్ని పూలదొంగ గద్దె అనే అంటారు.

“ఇంకోపారి లోపల కనబడ్డవనుకో, నీకూ దాని మీద గుండు కొట్టిస్త!”

ముసలామె చెయ్యి తలమీదికి పోయింది. కొంగు కప్పుకుంది.

“గా ఒక్క మడి మిగిలింది బిడ్డా...”

సలీం గంప లాక్కుని గోడ అవతలికి విసిరాడు.

ఆమె మళ్లీ రాలేదు.

ప్రారంభానికి ముందురోజు తొలకరి కురిసింది. తెల్లారగానే పగిడయ్య అరుపులు.

“అన్నా! జల్దీ రా! తోట చూడు!”

సలీం చెప్పులు లేకుండానే పరుగెత్తాడు.

మూడు మడులు పూశాయి. ఆకు లేదు, కాడ లేదు. తడిమట్టిని చీల్చుకుని తెల్లటి పూలు, రేకుల మీద ఊదా అద్దినట్టు. వాసన గేటు దాకా కొడుతోంది.

పెద్దసారు ఫొటో పక్కన పెట్టి చూశాడు. సలీం చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు.

“ఎట్ల పూయించినవయ్యా?”

“మా తాతల నాటి గడ్డలు మట్టిల ఉండి ఉంటయి సార్. ఇన్నేండ్లకు లేచినయ్.”

మైకులో “సలీం గారు” అని వినబడింది. శాలువా కప్పారు. “ఏయ్ తోటా” అన్న ఇంజనీర్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“ఈ మడులు కట్టింది మా తాత, మోయిజ్ మేస్త్రి,” అన్నాడు సలీం, గడి గోడలు మారుమోగేలా. జనం ఈలలు వేశారు.

“మరి నాలుగోది ఎందుకు పూయలే?” అడిగాడు పెద్దసారు.

“అదే సమజయితలేదు సార్.”

అప్పుడే ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చంకలో గంప. సలీం గోడ అవతలికి విసిరిన గంపే!

“నా పేరు సుగుణ సారూ. మా అమ్మమ్మ భద్రమ్మ మొన్న పోయింది. ఇవి నాలుగో మడికి ఇయ్యమన్నది.”

మోదుగాకులు తీసింది. కింద మట్టి అంటిన గడ్డలు.

పగిడయ్య నోరు తెరిచాడు. “బయటికి పోయేటప్పుడే గంప చూసినం అన్నా. లోపలికి వచ్చేటప్పుడు ఒక్కనాడన్నా చూడలే.”

సలీం శాలువా తీసేశాడు. సుగుణను అడిగాడు.

“ఇయ్యి... మీకెక్కడియి తల్లీ?”

“గా గద్దె మీద దొర మా అమ్మమ్మకు గుండు కొట్టించిన నాడే ఒక గడ్డ పెరుక్కపోయి పెరట్ల పెట్టుకున్నదంట సారూ,” అంటూ సుగుణ వంగి ఒక పువ్వు తెంపి, ఊరంతా చూస్తుండగా జడలో పెట్టుకుంది.