కుడిపక్క గోపురం

వంతెన మధ్యకొచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. చేతిసంచీలోంచి కూతురి ఫొటో తీసి, చెయ్యి చాచి పట్టుకుని, ఫొటోనూ ఎదురుగా ఉన్న గోపురాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమండీ, అమ్మాయి ఇక్కడే కదా నిలబడింది?"

"ఇక్కడే" అన్నాడాయన.

"మరి ఫొటోలో గోపురం ఎడంపక్కనుందేం? ఇక్కడ చూస్తే కుడిపక్కనుంది."

కొత్త ఫోన్లు అంతేననీ, ఎవరి ఫొటో వాళ్లు తీసుకుంటే కుడిఎడమలు తారుమారవుతాయనీ ఆయన ఏదో సర్దిచెప్పాడు. జీవితమంతా ఫొటో స్టూడియో నడిపి కిందటేడే షట్టరు దించేసిన మనిషి చెబితే కాదనేదెవరు? ఆవిడ "అలాగా" అని ఫొటో సంచీలో పెట్టేసుకుంది. అంత తేలిగ్గా నమ్మినందుకు ఆయనకి ఊరట కలగాల్సింది పోయి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ గోపురాన్ని అటు తిప్పింది ఆయనే. పాత ఫొటోలో కూతురి ముఖం మీద వెలుగు ఒక పక్కనుంచి పడుతోంది, వెనక అతికించాల్సిన బొమ్మలో ఎండ ఇంకో పక్కనుంది. వెలుగు కలవకపోతే ఎంత నేర్పుగా అతికించినా ఇట్టే దొరికిపోతుంది. అందుకని వెనక బొమ్మని అద్దంలో కనిపించినట్టు తిప్పేశాడు. చేతికి అలవాటైన పనే. పొలిమేర దాటని కొత్త జంటల్ని ఎంతమందిని మంచుకొండల ముందు నిలబెట్టలేదు! వాళ్లెవరూ ఆ కొండల దగ్గరికెళ్లి సరిచూసుకోలేదు కాబట్టి ఆయన పరువు దక్కింది.

కూతురు ఈ ఊళ్లో లేదు. ఏ ఊళ్లోనూ లేదు. తల్లితో మాటామాటా పెరిగి ఇల్లు విడిచి వెళ్లిన పిల్ల, ఎక్కడో అద్దెగదిలో విషజ్వరం తగిలి పోయింది. కబురు స్టూడియోకి వచ్చింది. పెళ్లి ఫొటోలకి పిలిచారని ఇంట్లో చెప్పి, ఒక్కడే వెళ్లి, చెయ్యాల్సింది చేసి వచ్చాడు. తలుపు తీసిన భార్య ఆయన ముఖం చూసి, ఏమీ అడక్కుండా స్నానానికి వేణ్నీళ్లు పెట్టింది.

"మళ్లీ నా గడప తొక్కకు" అని కూతురితో అన్నది ఆవిడే. అన్న నాటి నుంచి గడప వైపు చూస్తూనే ఉంది. ఇక ఈ సంగతి తెలిస్తే మనిషి దక్కదని ఆయన భయం. అమ్మాయికి విదేశంలో ఉద్యోగం దొరికిందట, నీ మీద కోపం తగ్గలేదట, మాట్లాడదట, చిరునామా ఇవ్వదట గానీ నాకు ఫొటో పంపుతుందట అని నోటికొచ్చింది చెప్పేశాడు. నాలుగు రోజులు పోయాక నిజం చెబుదామనుకున్నాడు. ఆ నాలుగు రోజులు ఏళ్లయి కూర్చున్నాయి.

ఏడాదికో ఫొటో చేసి ఇంటికి తెచ్చేవాడు. ఊరికే తెస్తే సరా, పిల్లకి వయసు రావద్దూ? బుగ్గలు కాస్త నింపాడు. కళ్ల కింద సన్నటి గీతలు గీశాడు. ఒకసారి కళ్లజోడు కూడా పెట్టాడు. "మీ పోలికే, కళ్లజోడు తొందరగా వచ్చేసింది" అని ఆవిడ మురిసిపోతుంటే, ఆయన పెరట్లోకెళ్లి మొహం కడుక్కున్నాడు.

స్టూడియో మూసేసిన రోజున ఆవిడ ఒక్కటే అడిగింది. అది కనిపించినా కనిపించకపోయినా సరే, అదుండే ఊరు కళ్లారా చూడాలంది. ఏ సాకు చెప్పినా వినలేదు.

వచ్చిన దగ్గర్నుంచి కాళ్లరిగేలా తిరుగుతూనే ఉన్నారు. ఆయన ఆఫీసుల ముందు ఆవిడని నిలబెట్టి, లోపలికెళ్లి, ఎవరినీ ఏమీ అడక్కుండా కాసేపు తచ్చాడి, తల అడ్డంగా ఊపుకుంటూ బయటికొచ్చేవాడు. ఆవిడ ఎక్కడ దారిన పోయేవాళ్లని ఆపి ఫొటో చూపిస్తుందోనని ఆయనకి పై ప్రాణాలు పైనే పోయేవి. అదృష్టమో ఏమో, ఆవిడ ఎవరికీ చూపించలేదు. కూరగాయల దుకాణం ముందు ఆగేది. అమ్మాయి ఇక్కడే కొనుక్కుంటుందేమో అనేది. బస్సు కోసం వేసిన బెంచీలని చేత్తో తడిమి చూసేది.

రేపే తిరుగు ప్రయాణం. వంతెన దిగి నది ఒడ్డున కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. గాలి ఈడ్చి కొడుతోంది. ఆవిడ శాలువా ఒక కొస ఆయన మోకాళ్ల మీద కప్పింది.

"మీరు నాతో ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

నిజం చెప్పేస్తే ఇక్కడే తేలిపోతుంది. కానీ ఈ పరాయి ఊళ్లో, మన మాట తెలిసినవాళ్లు ఒక్కరైనా లేనిచోట, ఆవిడ కుప్పకూలిపోతే తనేం చెయ్యగలడు? ఇంటికెళ్లాకైనా చెప్పగలడా అంటే అదీ లేదు. ఇక ఈ జన్మకి చెప్పలేనని ఆయనకి ఆ క్షణంలో తెలిసిపోయింది.

"ఏముంటుంది చెప్పడానికి?" అన్నాడు. "వెతికాం. దొరకలేదు."

ఆవిడ లేచి, ఆయన లేవడానికి చెయ్యి అందించింది. నడుస్తుంటే ఆయనకే మనసొప్పక, దిగులుపడకు, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఫొటో వస్తుందిలే అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. పక్కనుంచి దుప్పట్లలాంటి కోట్లు వేసుకుని వెళ్తున్న ఆడపిల్లల్ని చూస్తూ నెమ్మదిగా అంది.

"ఈసారి ఫొటోలో దానికి చలికోటు తొడగండి."